పెద్ద కలలు కనేవాళ్ళు పనిలోకి కూడా దిగుతారా? ఒక స్నేహితుడి విషయంలో సలహా కావాలి

#1 మేఘమాల
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం తక్కువ. ఈసారి నిజంగానే సలహా కావాలి.

నాకొక స్నేహితుడున్నాడు, కాలేజీ రోజుల నుంచీ. చూపులేని పిల్లలకు లెక్కలు వినికిడితోనే నేర్పే యాప్ చేయాలన్నది వాడి ఆలోచన. ఒకటో తరగతి నుంచి పది దాకా మొత్తం పాఠాలు, అదీ పది భాషల్లో. వాడు చెబుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది, అబద్ధం చెప్పను. నన్ను ఉద్యోగం మానేసి తనతో వచ్చేయమంటున్నాడు.

మొన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి అన్నీ చూపించాడు. యాప్ పేరు, మూడు రంగుల్లో లోగో, ఏ ఏడాది ఏ దేశానికి వెళ్తామో బాణాలు గీసిన మ్యాపు. అవార్డు అందుకున్నప్పుడు ఏం మాట్లాడాలో దానికీ ఒక స్లయిడు ఉంది. నవ్వుతూనే చూపించాడు, కానీ స్లయిడైతే ఉంది! "ఏదీ, ఒక్క పాఠం వినిపించు" అన్నాను. "కంటెంట్‌దేముంది, చివర్లో చేసేద్దాం" అన్నాడు.

అప్పటి నుంచీ మనసులో తొలుస్తోంది. ఇంత పెద్ద కల కనేవాడు పని కూడా చేస్తాడా? లేక కనడంతోనే కడుపు నిండిపోతుందా? ముందే పసిగట్టే దారి ఏదైనా ఉందా?

#2 సీదాసాదా
ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మీ స్నేహితుడి విషయంలో సోమలింగానికి అవార్డు స్పీచ్ కూడా రెడీ.

ఉద్యోగం మానకండి. చేసేవాడు చెప్పడు, చెప్పేవాడు చేయడు. నేను చూసినంతలో దీనికి మినహాయింపు లేదు.

#3 ఉదయరాగం
సీదాసాదా గారూ, మినహాయింపు లేదా? నేను చెప్తాను వినండి.

1899 అక్టోబరు 19న రాబర్ట్ గోడార్డ్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు ఎండుకొమ్మలు నరకడానికి చెర్రీ చెట్టెక్కాడు. అక్కడ కూర్చుని కింద పొలం చూస్తూ, అంగారక గ్రహానికి వెళ్ళే యంత్రం ఉంటే ఎలా ఉంటుందని ఊహించుకున్నాడు. అప్పటికి మనిషి విమానం కూడా ఎగరేయలేదు. చెట్టు దిగేసరికి తాను వేరే మనిషినైపోయానని తర్వాత రాసుకున్నాడు, ఆ తేదీని జీవితాంతం పండగలా గుర్తుపెట్టుకున్నాడు. 1926 మార్చి 16న ప్రపంచంలో మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్‌ను ఎగరేసింది ఆయనే.

ఆ చెట్టు మీద మీరుండి ఉంటే "ముందు కిందికి దిగి కొమ్మలు నరుకు" అనేవారు. పెద్ద కలే లేకపోతే ఆ ఇరవై ఆరేళ్ళూ మనిషిని నడిపించేదేంటి? మేఘమాల గారూ, మీ ఫ్రెండ్‌ని తక్కువ చేయకండి.

#4 పాతచొక్కా
ఉదయరాగం గారి కథ నాకూ ఇష్టమే. అయితే రెండు సంగతులు.

మొదటిది, చెట్లెక్కి గ్రహాల గురించి కలలు కన్న పిల్లలు ఎంతోమంది ఉండి ఉంటారు. దిగి వెళ్ళి అన్నం తిని మర్చిపోయినవాళ్ళ డైరీలు ఎవరూ అచ్చు వేయరు. గెలిచినవాడి దగ్గర్నుంచి వెనక్కి చూస్తే ప్రతి విజయానికీ ఒక కల కనిపిస్తుంది. కల దగ్గర్నుంచి ముందుకు చూస్తే అలా కనిపించదు. మేఘమాల గారు నిలబడి ఉన్నది ఈ రెండో చోట.

రెండోది, ఆ ఇరవై ఆరేళ్ళలో గోడార్డ్ ఏం చేశాడన్నది. ఫిజిక్స్ చదివి డాక్టరేట్ చేశాడు. 1914లో రెండు పేటెంట్లు తెచ్చుకున్నాడు, ఒకటి అంచెల రాకెట్‌కి, ఇంకొకటి ద్రవ ఇంధనంతో నడిచేదానికి. గాలి లేనిచోట కూడా రాకెట్‌ను ముందుకు నెట్టే బలం పనిచేస్తుందని శూన్యం చేసిన గొట్టంలో పేల్చి కొలిచాడు. 1920లో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం ఆయన్ని ఎగతాళి చేసింది, హైస్కూల్లో చెప్పే పాటి జ్ఞానం కూడా లేదన్నట్టు రాసింది. (ఆ పత్రిక తప్పు దిద్దుకున్నది 1969 జూలై 17న, అపోలో 11 చంద్రుడి దారిలో ఉన్నప్పుడు. అప్పటికి ఆయన పోయి ఇరవై నాలుగేళ్ళు.) ఇంతా చేస్తే 1926 నాటి రాకెట్ గాల్లో ఉన్నది రెండున్నర సెకన్లు, లేచింది 41 అడుగులు, పడింది క్యాబేజీ మడిలో.

అంగారకుడి కల కన్నవాడు 41 అడుగుల దగ్గర సిగ్గుపడలేదు. మీ స్నేహితుడిలో నేనైతే ఇది వెతుకుతాను.

#5 వెన్నెలవాన
క్యాబేజీ మడి సంగతి నాకు తెలీదు సార్ 😄 సేవ్ చేసుకున్నా.

#6 ప్రశ్నార్థకం
సైకాలజీ చదువుతున్నాను కాబట్టి ఈ ప్రశ్న మీద జరిగిన పని కొంచెం చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

గాబ్రియేలె ఓటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు జీవితమంతా దీని మీదే పనిచేశారు. 1991లో టామ్ వాడెన్‌తో కలిసి చేసిన మొదటి అధ్యయనం బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది మహిళల మీద. రెండు విషయాలు వేర్వేరుగా అడిగారు. ఒకటి, నువ్వు తగ్గుతావని ఎంత నమ్ముతున్నావు? రెండు, తగ్గాక నీ జీవితం ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఏం కనిపిస్తోంది? ఏడాది తర్వాత చూస్తే, తగ్గుతామని గట్టిగా నమ్మినవాళ్ళు ఎక్కువ తగ్గారు. తియ్యతియ్యటి ఊహలు కన్నవాళ్ళు మాత్రం మిగతావాళ్ళకన్నా సుమారు 11 కిలోలు తక్కువ తగ్గారు. నమ్మకం ఒకవైపు లాగితే ఊహ ఇంకోవైపు లాగింది.

2002లో డోరిస్ మేయర్‌తో కలిసి ఉద్యోగాలు వెతుక్కునే పట్టభద్రుల మీద చేసినదాంట్లోనూ ఇదే తేలింది. మంచి ఉద్యోగం వచ్చినట్టు తరచుగా ఊహించుకున్నవాళ్ళు రెండేళ్ళ తర్వాత చూస్తే తక్కువ దరఖాస్తులు పెట్టారు, తక్కువ ఆఫర్లు తెచ్చుకున్నారు, జీతమూ తక్కువే. 2011లో హెదర్ కాపెస్‌తో చేసిన ప్రయోగాల్లో కారణం కూడా కొంత దొరికింది. తీపి ఊహల్లో మునిగినప్పుడు మనుషుల్లో ఉత్సాహం తగ్గుతోంది, సిస్టాలిక్ రక్తపోటు (బీపీలో పై అంకె) కూడా కిందికి దిగుతోంది. పని అయిపోయినప్పుడు ఒళ్ళు ఎలా సేదతీరుతుందో, పని మొదలు కాకముందే అలా సేదతీరుతోందన్నమాట.

మేఘమాల గారూ, "కనడంతోనే కడుపు నిండిపోతుందా" అన్నారు చూడండి, అది ఉత్త మాట కాదు.

#7 సీదాసాదా
నేను రెండు లైన్లలో చెప్పింది మీరు మూడు పేరాల్లో చెప్పారు. ధన్యవాదాలు.

#8 ప్రశ్నార్థకం
అదే చెప్పలేదండీ. మీరన్నది పెద్ద కల కనేవాడు పని చేయడని. ఆ అధ్యయనాల్లో కల సైజు గురించి ఏమీ లేదు. అడ్డంకులు లేని కల గురించి ఉంది. అదే కలని ముందు పూర్తిగా ఊహించుకుని, వెంటనే "నాలో దీనికి అడ్డొచ్చేదేంటి?" అని కూడా ఊహించుకున్నవాళ్ళు, అది సాధ్యమేనని నమ్మితే, మరింత గట్టిగా పనిలోకి దిగారు. సాధ్యం కాదనుకున్నవాళ్ళు త్వరగా వదిలేశారు. అదీ లాభమే.

ఇక సైజు విషయానికొస్తే, ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లక్ష్యాల మీద దశాబ్దాలపాటు చేసిన పని మీ మాటకు ఎదురుగానే ఉంది. కష్టమైన, స్పష్టమైన లక్ష్యం పెట్టుకున్నవాళ్ళు "నా వంతు ప్రయత్నిస్తా" అనుకున్నవాళ్ళకన్నా బాగా చేశారు. దానికి షరతులున్నాయి. లక్ష్యానికి మనిషి కట్టుబడి ఉండాలి, చేసే సామర్థ్యం ఉండాలి, ఎంతవరకు వచ్చామో ఎప్పటికప్పుడు తెలుస్తుండాలి. ఈ చివరి షరతు మేఘమాల గారి స్నేహితుడి స్లయిడ్లలో కనిపించదు. పది భాషలు, పది తరగతులు అంటే ఈ శనివారానికి ఎంతవరకు వచ్చినట్టు? ఎవరూ చెప్పలేరు.

#9 చీమలబారు
ప్రాజెక్టులు నడిపించడమే నా పని కాబట్టి నా గోల కూడా వినండి.

ఊరికే కూర్చునేవాడితో నాకు ఇబ్బంది లేదు, తెలిసిపోతాడు. నన్ను ముంచేది రాత్రి పన్నెండింటిదాకా కష్టపడి ఏమీ చేయనివాడు. పోటీదారుల మీద నలభై వరసల ఎక్సెల్ షీటు ఉంటుంది, ప్రతి గడికీ రంగు కూడా వేస్తాడు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో తేల్చడానికి ఆరు ట్రయల్ వెర్షన్లు దింపుతాడు. కోర్సులో చేరతాడు, అది అయ్యేలోపు ఇంకో మంచి కోర్సు ఉందని తెలుస్తుంది. మీటింగ్‌లో అడిగితే అన్నింటికీ జవాబుంటుంది. పాపం, దొంగ కాదు. ఆ మనిషి నిజంగా అలసిపోయి ఉంటాడు. కానీ ఆ పనుల్లో ఏదీ బయటివాళ్ళ చేత "బాలేదు" అనిపించుకునే పని కాదు. అందుకే అవంత హాయిగా సాగుతాయి.

నేను వాడే కొలబద్ద ఒకటే. ఈ పని మీద నీకు ఈమధ్య ఎవరు కాదన్నారు? ఎవరు తప్పు పట్టారు? పేరుతో చెప్పగలిగితే వాడు పనిలో ఉన్నట్టు. "ఇంకా ఎవరికీ చూపించలేదు" అంటే, ఎంత పెద్ద ఫోల్డరు ఉన్నా, పని మొదలు కానట్టే.

ఇంకో మాట. "కంటెంట్ చివర్లో చేసేద్దాం" అన్నాడన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. కెనడాలో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు 1994లో విద్యార్థుల్ని థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే? అప్పుడు దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైచిలుకు. అంటే వాళ్ళు ఊహించిన గడ్డుకాలం కన్నా వాస్తవం గడ్డుగా ఉంది. అదీ సొంత థీసిస్ మీద, మొదలుపెట్టేసినవాళ్ళు. ఒక్క పాఠం కూడా చేయనివాడు "చివర్లో" అనే మాట వాడకూడదు.

#10 వెన్నెలవాన
అందరూ కలలు కనేవాళ్ళనే పట్టుకున్నారు. నాకు తెలిసినవాళ్ళలో ఏ కలా లేనివాళ్ళు కూడా ఏమీ చేయట్లేదు 🙂 కనకపోతే చేస్తారనే గ్యారంటీ ఎక్కడుంది?

#11 పాతచొక్కా
వెన్నెలవాన మంచి మాటన్నారు. పని చేయకపోవడానికి కల అవసరం లేదు, అది లేకుండానే హాయిగా చేయకుండా ఉండొచ్చు.

చీమలబారు గారు చెప్పిన "కాదనిపించుకోవడం" మీద ఒక చరిత్ర గుర్తొచ్చింది. ఎగరాలన్న కల ఒకటే, కన్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ పనిలోకి దిగినవాళ్ళే.

ఒకాయన శామ్యూల్ లాంగ్లీ, అమెరికాలోని స్మిత్‌సోనియన్ అనే విజ్ఞాన సంస్థ కార్యదర్శి. 1896లో ఆయన చేసిన ఆవిరియంత్రపు నమూనా, మనిషి లేకుండా, ముప్పాతిక మైలు ఎగిరింది. దాంతో అమెరికా యుద్ధశాఖ 50,000 డాలర్లిచ్చింది. నేరుగా మనిషిని మోసే పెద్ద విమానానికి వెళ్ళిపోయాడు. ఆయన సహాయకుడు అద్భుతమైన ఇంజను చేశాడు. ఆ విమానాన్ని పడవ కప్పు మీంచి స్ప్రింగులతో విసిరారు. 1903 అక్టోబరు 7న నదిలో పడింది. బాగుచేసి డిసెంబరు 8న మళ్ళీ విసిరారు, మళ్ళీ పడింది. నడిపేవాడు బతికి బయటపడ్డాడు, అంతే.

రెండోవైపు రైట్ సోదరులు. సైకిళ్ళ దుకాణం నడిపేవాళ్ళు. 1899లో విల్బర్ అదే స్మిత్‌సోనియన్‌కి ఉత్తరం రాసి ఎగరడం మీద పుస్తకాలేమైనా ఉంటే పంపమన్నాడు. తర్వాత ఏడాదికో గ్లైడరు. 1901 నాటిది అనుకున్న బరువులో మూడో వంతే మోసింది. అప్పటిదాకా అందరూ నమ్మిన లెక్కలతో తమ ఫలితాలు కలవలేదు. ఇంటికి వెళ్ళి ఆరడుగుల చెక్కపెట్టెలో ఫ్యాను పెట్టి, సొంత గాలి సొరంగం కట్టుకుని, చిన్నచిన్న రెక్కల ఆకారాలు దాదాపు రెండు వందలు పరీక్షించారు. 1902 గ్లైడరు మాట విన్నది. ఇంజను పెట్టింది ఆ తర్వాతే. లాంగ్లీ రెండోసారి నదిలో పడ్డ తొమ్మిది రోజులకు, డిసెంబరు 17న, మొదటి ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు. ఆ రోజు నాలుగోది 59 సెకన్లు.

లాంగ్లీది చిన్న కల అనలేం, పనిచేయలేదనీ అనలేం. ఏళ్ళ తరబడి పనిచేశాడు. కానీ మనిషి ఆ యంత్రంలో కూర్చుని నేర్చుకునే సందు ఎక్కడా లేదు, మొదటి పరీక్షే ఆఖరి పరీక్షలా కట్టాడు. అందుకని "పనిలోకి దిగుతాడా?" అని అడిగితే సరిపోదు మేఘమాల గారూ. ఎలాంటి పనిలోకి, అన్నది కూడా చూడాలి. మీవాడు పది భాషల్లో పది తరగతులు ఒకేసారి విడుదల చేస్తానంటే, పడవ కప్పు మీద స్ప్రింగు బిగిస్తున్నట్టే లెక్క.

#12 తీగమల్లి
చర్చ చదువుతూ ఉండబట్టలేక లాగిన్ అయ్యాను. నేను చూపులేని పిల్లలకు లెక్కలు చెప్తాను.

కలల సంగతి పెద్దలు చూసుకుంటున్నారు. నేను అసలు విషయం చెప్తా. "కంటెంట్‌దేముంది" అనడం వింటే ఈయన ఇంతవరకు అలాంటి ఒక్క పిల్లనీ కలవలేదని అర్థమైపోయింది. లెక్కని గొంతుతో చెప్పడమే ఇందులో పెద్ద కష్టం. "ఎక్స్ ప్లస్ వన్ బై టూ" అనండి. కాగితం మీద చూసేవాళ్ళకు గీత ఎక్కడిదాకా ఉందో కనిపిస్తుంది. వినేవాళ్ళకు? ఎక్స్, వన్ కలిపి రెండుతో భాగించాలా? లేక ఒకటినే భాగించి ఎక్స్‌కి కలపాలా? ఎక్స్ మూడైతే ఒకదానికి జవాబు రెండు, ఇంకోదానికి మూడున్నర. తెల్లవారితే ఇదే తంటా.

పుట్టుకతో చూపులేని గణిత ఆచార్యుడు అబ్రహం నెమెత్ దీని మీదే పనిచేశాడు. గణితానికి ఆయన చేసిన బ్రెయిలీ లిపి 1952లో వచ్చింది. తనకు చదివి వినిపించేవాళ్ళ కోసం, ఎలా చదివితే రెండర్థాలు రావో ఆ పద్ధతి కూడా కట్టాడు. భిన్నం మొదలైనప్పుడు ఒక మాట, ముగిసినప్పుడు ఒక మాట. ఇంకా ఉంది. చేత్తో చదివే పిల్ల వేలు వెనక్కి జరిపి మళ్ళీ చూసుకుంటుంది. చెవితో వినేది జారిపోతుంది. పెద్ద సమీకరణం ముగిసేసరికి మొదట్లో ఏముందో పోతుంది. ఒక్కో ముక్కా వెనక్కి వెళ్ళి వినే వీలుండాలి.

ఒక సంగతి చెప్పి ఆపేస్తా. లూయీ బ్రెయిలీ ఆరు చుక్కల లిపి సిద్ధం చేసేనాటికి పదిహేనేళ్ళు, 1824 ప్రాంతం. అంతకుముందు సైన్యంలో పనిచేసిన బార్బియే అనే ఆయన పన్నెండు చుక్కల పద్ధతి తెచ్చాడు. అది వేలికొనకు ఒకేసారి అందదు, వేలు పైకీ కిందికీ జరపాలి. చదివేది తన వేలే కాబట్టి కుర్రాడికి అది ముందు తెలిసింది. ప్రపంచంలోని చూపులేనివాళ్ళందరి గురించీ కలగన్నాడో లేదో గానీ, చుక్కలు సగానికి తగ్గించాడు.

భిన్నాల మీద ఒక్క పాఠం చేయమనండి. చాలు.

#13 మేఘమాల
తీగమల్లి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చీమలబారు గారి ప్రశ్న కూడా రాసుకున్నాను. నేరుగా అడగడానికి కాస్త బెరుకుగా ఉంది, నొచ్చుకుంటాడేమో. కానీ అడుగుతా. భిన్నాల పాఠం, పది నిమిషాలది, ఒక పిల్లకి వినిపించాకే మిగతా మాటలు.

#14 సీదాసాదా
రాసిపెట్టుకోండి. "మైకు సరైనది లేదు" అంటాడు. తర్వాత మైకు మీద రీసెర్చ్ మొదలవుతుంది.

#15 ఉదయరాగం
మీకు మనుషులంటే అంత చులకనేంటండీ? కలగనేవాడిని చూసి నవ్వడం తేలిక. మీరు ఏం చేశారో చెప్పండి, వింటాం.

#16 సీదాసాదా
నేనేం చేస్తానని ఎవరికీ చెప్పలేదుగా. చెప్పనివాడిని ఏం చేశావని అడగరు. అదే నా సుఖం.

#17 నిర్వాహకులు
వ్యక్తిగత విమర్శలు వద్దు. #15, #16 ఉంచుతున్నాం, ఆ తర్వాత ఉదయరాగం రాసిన పోస్టు తొలగించాం. విషయంలోనే ఉండండి.

#18 మేఘమాల
చాలా రోజులైంది, క్షమించండి. ఏం జరిగిందో చెప్తాను.

అడిగాను. మొహం మాడ్చుకున్నాడు. "నువ్వు కూడా పెట్టుబడిదారుల్లా మాట్లాడుతున్నావు" అన్నాడు. రెండు వారాలు ఫోన్ లేదు. సీదాసాదా గారి మాటే నిజమైందనుకుని వదిలేశాను. ఒక రాత్రి ఆడియో ఫైలు పంపాడు, ఏ సందేశమూ లేకుండా. వాడి గొంతే, వెనక ఫ్యాను శబ్దం, మధ్యలో ఎవరో తలుపు కొట్టడం కూడా రికార్డయింది. (మైకు లేదు సీదాసాదా గారూ, ఫోన్‌లోనే చేశాడు.)

తర్వాత ఇద్దరం ఒక బడికి వెళ్ళాం, టీచరుగారి అనుమతితో. ఏడో తరగతి అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నది. మొదటి రెండు నిమిషాలూ తల ఊపింది. సరిగ్గా తీగమల్లి గారు చెప్పినచోటే ఆగి, "అన్నా, బై టూ దేనికి? మొత్తానికా, వన్‌కా?" అని అడిగింది. వీడు చెప్పాడు. ఇంకాస్త విని, "ఇందాకటి సంఖ్య మళ్ళీ చెప్పు" అంది. ఫైలులో వెనక్కి జరిపితే సంఖ్య మధ్యలో పడింది. మళ్ళీ జరిపాడు, ఇంకా వెనక్కి పోయింది. మూడోసారికి ఆ పిల్లే విసుక్కుని హెడ్‌ఫోన్ తీసి, "నువ్వే నోటితో చెప్పు, నేను అడిగినప్పుడల్లా ఆపు" అంది. గంటసేపు అలాగే చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా యాప్ పేరు ఎత్తలేదు. ఒక్కో పదాన్నీ, ఒక్కో గుర్తునీ విడివిడి ముక్కలుగా రికార్డు చేస్తే ఎలా ఉంటుంది, వెనక్కి ఒక ముక్క మాత్రమే జరగాలంటే ఏ మీట నొక్కాలి, అదే గొడవ. అవార్డు స్లయిడు తీసేశాడా అంటే లేదు, ఉంది. అడిగాను కూడా. "అది నాకోసం, ఉండనీ" అన్నాడు.

ఉద్యోగం మాత్రం మానట్లేదు. సాయంత్రాలు, ఆదివారాలు వాడితో కూర్చుంటానన్నాను. ఇప్పుడు నా సందేహం వేరు. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. ఈ ఊపు రెండు వారాల్లో చల్లారిపోకుండా ఏం చేయాలి?

#19 తీగమల్లి
"నువ్వే నోటితో చెప్పు" అన్న పిల్లకి నా తరఫున ఒక ముద్దు. మాట వినిపించే స్క్రీన్ రీడర్లలో బాణం మీటలతో ఒక్కో అక్షరం, ఒక్కో పదం చొప్పున కదిలే పద్ధతి ఇప్పటికే ఉంది, పిల్లలకు వేళ్ళకు అలవాటు. కొత్త మీటలు కనిపెట్టొద్దని చెప్పండి, అదే వాడమనండి. ఈసారి వేరే పిల్లకి వినిపించండి, ఈ అమ్మాయికి పాఠం వచ్చేసింది కాబట్టి పరీక్షకు పనికిరాదు.

#20 సీదాసాదా
మైకు విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటా. ఒక్క పాఠంతో మనిషిని తేల్చేయలేం అన్నది మాత్రం అలాగే ఉంది. ఆరంభశూరులు మొదటి పాఠం అందరికన్నా బాగా చేస్తారు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు గణితవేత్త బాబేజ్ సంగతి చూడండి. డిఫరెన్స్ ఇంజన్ అనే లెక్కల యంత్రం మీద బ్రిటిష్ ప్రభుత్వం చేత 17,000 పౌండ్లు ఖర్చు పెట్టించాడు. అది పూర్తికాకముందే 1830ల్లో ఇంకా పెద్దదైన అనలిటికల్ ఇంజన్ మీదికి మనసు పోయింది. రెండూ పూర్తి కాలేదు. ఆయన పని చేయలేదని ఎవరంటారు? కొత్త కల వచ్చి పాత పనిని మింగేసింది.

#21 ఉదయరాగం
తర్వాత గీసిన రెండో డిఫరెన్స్ ఇంజన్ బొమ్మల్ని పట్టుకుని 1991లో లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు కట్టారు, అది పనిచేసింది కదండీ. రష్యాకు చెందిన సియోల్కోవ్‌స్కీ ఒక్క రాకెట్ కూడా ఎగరేయలేదు. చిన్నప్పుడే వినికిడి పోయిన బడిపంతులు. 1903లో ఆయన అచ్చువేసిన రాకెట్ సమీకరణాన్నే ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నారు. ఇలాంటివాళ్ళని కలలు కనేవాళ్ళ లెక్కలో వేస్తారా, చేసినవాళ్ళ లెక్కలో వేస్తారా?

#22 పాతచొక్కా
సియోల్కోవ్‌స్కీ 1897లో రష్యాలోని తొలి గాలి సొరంగాల్లో ఒకటి కూడా కట్టాడు, అదీ ఇంట్లో. సమీకరణం రాబట్టడం, కొలతలు తీయడం పని కాక మరేంటి? ఆయన్ని చేసినవాళ్ళ వరసలోనే కూర్చోబెట్టండి, గొడవ వదిలిపోతుంది. బాబేజ్ విషయంలో సీదాసాదా గారితో నేనూ ఉన్నాను.

#23 ప్రశ్నార్థకం
మేఘమాల గారి ప్రశ్న మరుగున పడిపోతోంది, దానికి వస్తాను.

గట్టిగా అనుకోవడం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. థామస్ వెబ్, పాస్కల్ షీరన్ 2006లో 47 ప్రయోగాల ఫలితాలు కలిపి చూశారు. మనిషి సంకల్పం బాగా మారినా, చేతల్లో మార్పు అంతకన్నా తక్కువే ఉంది. పీటర్ గోల్విట్జర్ సూచించిన పద్ధతి దీనికి పనికొస్తుంది. ఏం చేయాలన్నదానితోపాటు, ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా ముందే కట్టేసుకోవడం. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని. 1997లో ఆయన, వెరోనికా బ్రాండ్‌స్టేటర్ కలిసి విద్యార్థులకు సెలవుల్లో ఒక నివేదిక రాసే పని ఇచ్చారు. ఎక్కడ, ఎప్పుడు రాస్తామో ముందే నిర్ణయించుకున్నవాళ్ళలో దాదాపు మూడొంతుల మంది సమయానికి రాశారు. నిర్ణయించుకోనివాళ్ళలో మూడో వంతే.

మీకు నేను రాసిచ్చేదైతే ఇలా ఉంటుంది. "మంగళవారం ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టగానే, ఫోన్ ముట్టుకోకుండా, ఒక భిన్నాన్ని ముక్కలుగా రికార్డు చేసి వాడికి పంపుతాను." అడ్డంకికీ ఒకటి ఉండాలి. "వాడు కొత్త ఫీచరు గురించి మొదలుపెడితే, కాగితం మీద రాయించి, ఈ పాఠం వినిపించాక తీద్దాం అంటాను."

ఇంకొకటి. చేయబోయేది చుట్టాలకీ స్నేహితులకీ చెప్పుకోవడం ఈ కొన్నాళ్ళు తగ్గించమనండి. గోల్విట్జర్ బృందం 2009లో చూసినదాంట్లో, తాము ఎలాంటివాళ్ళం కావాలనుకుంటున్నారో దానికి సంబంధించిన సంకల్పాన్ని ఇతరులు గుర్తించినప్పుడు, ఆ తర్వాత దాని మీద పెట్టే శ్రమ తగ్గింది. స్లయిడు ఉండనీయండి, దాన్ని చూసే జనం లేకపోతే చాలు.

#24 చీమలబారు
మంగళవారం ఒక్కటే పెట్టుకోండి, వారానికి మూడు రోజులంటే మొదటి జ్వరానికే పోతుంది. రెండో పిల్ల ఎక్కడ ఆపిందో ఇక్కడ రాయండి మేఘమాల గారూ.

#25 మేఘమాల
మంగళవారమే ఖాయం చేశాం. రెండో పిల్ల దొరికింది, ఆరో తరగతి, తీగమల్లి గారు ప్రైవేట్ మెసేజ్‌లో చెప్పిన చోటే. వెళ్ళొచ్చాక రాస్తాను.